మందిరం కప్పుకి, అవ్వ పేరిట గంట స్తంభానికి మీ కానుక కావాలి

మన సంఘ బిడ్డలందరికీ, ఊళ్ళో ఉన్నవాళ్ళకీ, హైదరాబాదు, బెంగళూరు, కువైట్‌లలో ఉంటున్నవాళ్ళకీ ప్రభువు నామంలో వందనాలు.

సంగతి మీకు తెలిసిందే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి మందిరం రేకులు లేచిపోయాయి. అప్పుడు కప్పిన పట్టానే ఇప్పటికీ ఉంది. మొన్నటి వానకి పాస్టరు గారు పక్కన బకెట్ పెట్టుకుని వాక్యం చెప్పారు. క్రిస్మస్ లోపు కప్పు మార్చాలి. మేస్త్రీ అంచనా 6 లక్షల పైనే, మన చేతిలో అందులో సగం కూడా లేదు. లెక్కలు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరడిగినా చూపిస్తారు.

ఇప్పుడు అవ్వ గురించి రాయాలి. డిసెంబరు రెండో ఆదివారానికి ఆమె ప్రభువునందు నిద్రించి ఏడాది అవుతుంది. మన సంఘంలో అవ్వ అంటే ఏ అవ్వ అని ఎవరూ అడగరు. ఆధార్‌లో వయసు 94 అని ఉంది గానీ అది ఎవరో ఉజ్జాయింపుగా వేసింది, వందకు దగ్గరే ఉంటుందని పెద్దకొడుకు అంటారు.

1876-78 నాటి ధాత కరువు కబుర్లు మనలో చాలామంది విన్నది ఆమె నోటే. ఆమె నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఒంగోలు మిషనరీ క్లౌ దొర కరువు పని కింద కాంట్రాక్టు తీసుకుని తవ్వించిన బకింగ్‌హాం కాలువలో అమ్మతో కలిసి మట్టి మోసిందట. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకుంటుంటే ఆ పిల్ల ఒడ్డున నిలబడి చూసింది. కూడు కోసం సంఘంలో కలిశారని ఎవరైనా అంటే అవ్వ ఊరుకునేది కాదు, కరువు సాయం పంచినన్నాళ్ళూ దొర బాప్తిస్మాలు ఆపేశాడు, అది తెలుసుకుని మాట్లాడండి అని గట్టిగా చెప్పేది.

భర్త పోయేనాటికి చంటిబిడ్డతో కలిపి నలుగురు పిల్లలు. పొగాకు గ్రేడింగ్‌కి పోయి అందరినీ చదివించింది. ఆ రోజుల్లో కూడా ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం డబ్బాలో వేసి, ఆదివారం మందిరానికి తెచ్చి పోసేది. పెంకులు తీసి రేకులు వేసిన ఏడాది చెవి కమ్మలు తీసి కానుక పళ్ళెంలో పెట్టింది, మళ్ళీ కమ్మలు చేయించుకోలేదు. మంచాన పడ్డాక కూడా పింఛను రాగానే పదోవంతు కొంగున కట్టి, ఎవరు చూడటానికి వచ్చినా వాళ్ళ చేతికిచ్చి పంపేది.

మిషనరీల కాలం నాటి గంట వేపచెట్టుకి ఉండేది కదా, ఆ కొమ్మ కూడా అదే తుఫానుకి విరిగింది. గంటకి ఏమీ కాలేదు, సామాన్ల గదిలో ఉంది. ఆదివారం పొద్దున "ఇయ్యాల గంట కొట్టలేదేందిరా?" అని అవ్వ మంచం మీద నుంచి అడిగేది, మైకు పెడుతున్నామవ్వా అంటే ఊరుకునేది. ఆమె పోయిన రోజు కూడా గంట మోగలేదు. ఈ సంఘంలో ఎవరు పోయినా మోగిన గంట ఆమెకి మోగలేదంటే మనసుకి చాలా కష్టంగా ఉంది.

అందుకే కప్పుతో పాటే గంట స్తంభం కట్టాలని అడుగుతున్నాను. ముందు కప్పు, గంట తర్వాత చూద్దామని కమిటీలో కొందరన్నారు, వాళ్ళ మాటా సబబే. కానీ మేస్త్రీ ఎలాగూ వస్తున్నాడు, ఇసుక, సిమెంటు ఎలాగూ దిగుతాయి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? నాలుగు స్తంభాలు, పన్నెండు అడుగుల ఎత్తు, పైన చిన్న స్లాబు, అంతే. చీమకుర్తిలో పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే మన తమ్ముడు ఒకరు గెలాక్సీ గ్రానైట్ పలక తానే ఇస్తానన్నాడు, దాని మీద అవ్వ పేరు చెక్కిద్దాం. మరుగుదొడ్లు, ప్రహరీ సంగతి కూడా ఉంది, అది వచ్చే ఏడాది చూద్దాం.

ఒక్క మాట, తప్పుగా అనుకోవద్దు. బాప్తిస్మం సర్టిఫికెట్ కావాల్సి వస్తే రాత్రి పదింటికి ఫోను చేసినా పాస్టరు గారు ఎత్తుతారు. మరి గ్రూపులో విరాళం మెసేజ్ పెడితే దండం బొమ్మ పెట్టి ఊరుకోవడం న్యాయమా? ఈ మందిరం తాటాకు నుంచి పెంకుకి, పెంకు నుంచి రేకుకి వచ్చింది కూలి డబ్బులతోనే. ఆ కూలి చేసిన అమ్మానాన్నల పిల్లలమే మనమంతా. ఇవాళ నెల జీతాలు తీసుకుంటున్నాం.

నవంబరు నెలాఖరులోపు మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వాలి, లేకపోతే వేరే పని ఒప్పుకుంటానన్నాడు. ఖాతా వివరాలు గ్రూపులో పైనే పిన్ చేసి ఉన్నాయి. ఎంతైనా సరే పంపండి, దేనికిస్తున్నారో కప్పు అనో గంట అనో ఒక ముక్క రాయండి. ఊళ్ళో ఉన్నవాళ్ళు డబ్బు లేకపోతే రెండు రోజులు పనికి రండి, పనివాళ్ళ భోజనానికి బియ్యం ఇచ్చినా సంతోషమే. రసీదు మాత్రం తప్పకుండా అడిగి తీసుకోండి.

సంఘ కమిటీ తరఫున,
కార్యదర్శి