రెండు సెన్సర్లు మార్చారు, ఒక్క జాయింట్ విప్పి చూడలేదు

భీమవరం,
17 జూలై 2025

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) లారీలో నాక్స్ సెన్సర్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే పరికరం) లోపాన్ని సరిగా పరీక్షించకుండా పార్టులు మార్చడం, అనవసరంగా బిల్లు వేయడం, దానివల్ల నాకు కలిగిన నష్టం గురించి.

అయ్యా,

నాది ఒక్కటే లారీ. 2023 ఆగస్టులో మీ పది టైర్ల బండి కొన్నాను. నేనూ మా బామ్మర్దీ మార్చి మార్చి నడుపుతాం. భీమవరం నుంచి హౌరాకు చేపల లోడు, తిరుగు ప్రయాణంలో ఏది దొరికితే అది. మా ఇల్లు దీనిమీదే నడుస్తోంది. ఇంజిన్ గురించి నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు, మైలేజీ కూడా మీ వాళ్లు చెప్పినంత కాకపోయినా పర్వాలేదు. నా గొడవంతా పొగ శుద్ధి చేసే సిస్టమ్‌తో, అంతకంటే ఎక్కువగా దాన్ని బాగు చేస్తామన్న మీ సర్వీస్ సెంటర్‌తో.

మే 9న మొదటిసారి డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి చూసి, సైలెన్సర్ చివరున్న నాక్స్ సెన్సర్ పోయిందన్నారు. వారంటీలో కొత్తది వేశారు. కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ తుడిచేసి, రెండు కిలోమీటర్లు తిప్పి, "ఓకే సార్" అని తాళాలిచ్చారు. నాలుగు రోజుల తర్వాత లోడుతో బయల్దేరితే, ఊరు దాటి అరగంట కాకముందే మళ్లీ అదే లైటు.

రెండోసారి వెళ్తే తప్పు యూరియాదన్నారు. పొగను శుద్ధి చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవాన్ని మీరు డీఈఎఫ్ అంటారు, మేం యూరియా అంటాం. కల్తీ సరుకు పోశారని నామీదే నెట్టి, ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, కొత్తది నింపి 9,400 రూపాయల బిల్లు వేశారు. నేను పోసేది పెట్రోలు బంకులో సీలున్న బకెట్లు, బిల్లులు నా దగ్గరున్నాయి. అందులో యూరియా 32.5 శాతం ఉండాలని బకెట్ మీదే రాసుంటుంది. ఒక్క చుక్క రిఫ్రాక్టోమీటర్ (యూరియా శాతం చూపే పరికరం) అద్దం మీద వేస్తే నిమిషంలో తెలిసిపోయే విషయమది. ఆ పరికరం మీ వాళ్ల బల్ల మీదే ఉంది, తీసి చూసిన వాళ్లు లేరు.

లైటు మళ్లీ వచ్చింది. ఈసారి మే నెలాఖరు. అదే సెన్సర్‌ను రెండోసారి మార్చారు. మూడు వారాల కిందట వేసిన కొత్త సెన్సర్ ఎందుకు పోయిందని అడిగితే, నీళ్లు తగిలాయి కాబట్టి వారంటీ రాదన్నారు. 31,600 రూపాయలు కట్టాను. జాబ్ కార్డు మీద "వాటర్ ఎంట్రీ" అని రాసి సంతకం పెట్టిన మనిషి, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వంగి చూడలేదు. చేపల లారీకి ఐసు నీళ్లు కారతాయని భీమవరంలో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు.

ఇక జూన్ 18. లోడు పూర్తిగా ఉంది, పైన ఐసు. శ్రీకాకుళం దగ్గరికి వచ్చేసరికే బండి లాగుడు తగ్గిందని బామ్మర్ది ఫోన్ చేశాడు. నరసన్నపేట దాటాక టీకి ఆపి, మళ్లీ స్టార్ట్ చేశాడు. అంతే, బండి గంటకు 20 కిలోమీటర్లు దాటనంది. నాక్స్ లోపాన్ని ఎక్కువసేపు పట్టించుకోకపోతే ముందు బలం తగ్గించి, ఆ తర్వాత వేగం కట్టేయాలన్న నియమం మీ కంపెనీ సొంతంగా పెట్టింది కాదని నాకు తెలుసు. దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ పట్టించుకోకుండా వదిలేసింది నేను కాదు కదా. మూడుసార్లు మీ గుమ్మం ఎక్కాను. హైవే మీద పక్కనుంచి ఆటోలు దాటి పోతుంటే పది టైర్ల లారీని నడకలాగా శ్రీకాకుళం వెనక్కి తీసుకురావడానికి గంటకు పైగా పట్టింది. రాత్రికి రాత్రి వేరే లారీ మాట్లాడి, ట్రేలన్నీ అందులోకి మార్చి, మళ్లీ ఐసు కొట్టించాం. ఆ లారీ కిరాయి 46,000. సరుకు మెత్తబడిందని హౌరాలో వ్యాపారి నా కిరాయిలో కోసింది 18,500.

ఖాళీ బండిని మీ దగ్గరికి తేవడానికి నాకు మనసొప్పలేదు. విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ జరిగింది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అది మీ వర్క్‌షాపులో జరగాల్సిన పని.

ఆయన ముందు నా దగ్గరున్న మీ స్కానర్ ప్రింటు చదివాడు. ఎస్‌పీఎన్ 3226, ఎఫ్‌ఎంఐ 9. మొదటి నంబరుది చివరి నాక్స్ సెన్సర్. రెండో నంబరుకు అర్థం, ఆ సెన్సర్ నుంచి రావాల్సిన సమాచారం టైముకు రావడం లేదని. అంటే సెన్సర్ తప్పు లెక్క చెప్పడం కాదు, అసలు మాట్లాడటమే మానేసింది. మాట్లాడకపోతే ముందు చూడాల్సింది వైర్లు. ప్లస్, ఎర్త్, సమాచారం మోసే రెండు క్యాన్ వైర్లు, అంతే. మూడుసార్లూ ఇదే కోడ్ వచ్చింది, మూడు ప్రింట్లూ జతచేశాను.

బ్యాటరీ తీసేసి క్యాన్ వైర్ల మధ్య మీటరు పెడితే 60 ఓమ్‌లు చూపించింది, అది ఉండాల్సిందే. బ్యాటరీ తగిలించి సెన్సర్ కనెక్టర్ దగ్గర కరెంటు చూస్తే 24.5 వోల్టులు. "ఉంది కదా" అన్నాను. ఆయన మాట్లాడకుండా 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి తెచ్చి అదే పిన్నులకు తగిలించాడు. బల్బు వెలగడానికి బదులు బీడీ ముక్కలా ఎర్రగా మిణుకుమంది. మీటరు 13కు పడిపోయింది. "కరెంటు ఉందన్నా, బలం లేదు" అన్నాడు.

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. నాక్స్ సెన్సర్ లోపల హీటర్ ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ చేయగానే అది వేడెక్కదు. పైపులో తేమ ఆరేదాకా ఆగుతుంది, లేకపోతే నీటి బొట్టు పడి లోపలి సెరామిక్ పగిలిపోతుంది. పైపు బాగా వేడెక్కాకే హీటర్ ఆన్ అవుతుంది, కరెంటు లాగుతుంది. నా బండిలో ఆ క్షణాన వోల్టేజీ పడిపోయి సెన్సర్ మూగబోతోంది. చల్లటి బండి మీద మీటరు పెడితే 24 వోల్టులు చూపిస్తుంది, రెండు కిలోమీటర్లు తిప్పితే లైటు రాదు. మీ వాళ్లు ఇచ్చిన ప్రతి "ఓకే" వెనుక ఉన్న రహస్యం ఇదే.

సెన్సర్ దగ్గరి కనెక్టర్ శుభ్రంగానే ఉంది. అక్కడి నుంచి రెండు మూరలు ముందుకు, చాసిస్ లోపలి వైపు, ఇంకో జాయింట్ కనెక్టర్ ఉంది. మూతి పైకి పెట్టి క్లిప్పు వేశారు. బాడీ నుంచి కారే నీరు వైరు మీదుగా జారి నేరుగా అందులోకే దిగుతోంది. విప్పితే ప్లస్ పిన్ను పచ్చగా చిలుము పట్టి, గోరుతో గీస్తే పొడిలా రాలింది. ఆయన ఆ జాయింట్ కోసేసి కొత్తది వేశాడు, గ్రీజు పెట్టాడు, వైరును కిందికి వంచి మళ్లీ పైకి తెచ్చి కట్టాడు. నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. గంటన్నర పని, 1,200 రూపాయలు. ట్యాంకులో యూరియా కూడా చూశాడు, సరిగ్గానే ఉంది. ఆ తర్వాత హౌరాకు మూడు ట్రిప్పులు కొట్టాను. లైటు లేదు.

ఇంకో మాట చెప్పాలి. ఈ రెండు నెలల్లో కనీసం ఇద్దరు నా దగ్గరికొచ్చి, సెన్సర్లను మభ్యపెట్టే చిన్న పెట్టె బిగిస్తాం, యూరియా కూడా పోయక్కర్లేదు అన్నారు. అది చట్టవిరుద్ధం, ఆ పొగ పీల్చేది మా పిల్లలే అని వద్దన్నాను. కానీ మీ సర్వీస్ ఇలాగే ఉంటే ఎంతమంది వద్దంటారో మీరే ఆలోచించండి.

నేను కోరేది ఇది. యూరియా ట్యాంకు కడిగినందుకు, రెండో సెన్సర్‌కు తీసుకున్న 41,000 రూపాయలు వెనక్కి ఇవ్వాలి. జూన్ 18న నాకైన 64,500 నష్టం మీద రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. మార్చి తీసుకున్న రెండు పాత సెన్సర్లూ నాకు చూపించాలి, అవి నిజంగా చెడిపోయాయో లేదో తెలియాలి. ఆ జాయింట్ కనెక్టర్ స్థానాన్ని మీ ఇంజనీర్లు పరిశీలించాలి. మా ఊళ్లో ఇదే మోడల్ బండ్లు ఇంకా ఉన్నాయి, వాటన్నిటికీ ఐసు నీళ్లే.

15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. వ్యాపారానికి కొన్న బండి కదా అని మీ లాయరు అనవచ్చు. సొంతంగా నడుపుకుని బతికేవాడు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుడే.

బిల్లులు, మూడు స్కానర్ ప్రింట్లు, జాబ్ కార్డుల కాపీలు, ఫొటోలు జతచేశాను. కోసి తీసిన ఆ కనెక్టర్ ముక్కను పారేయలేదు, క్యాబిన్‌లో కవర్లో కట్టి పెట్టాను. మీ ఇంజనీరు ఎప్పుడొచ్చినా చూపిస్తాను. ఆదివారాలు మాత్రం నేను ఊళ్లో ఉండను, సోమవారం తెల్లారేసరికి వచ్చేస్తాను.

ఇట్లు,
మీ బండి కొన్న ఒక చేపల లారీ ఓనరు