మా దగ్గర ఫీజు, బిల్డర్ దగ్గర కమీషన్: మీ పోలిక రిపోర్టుపై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: కొత్త ఫ్లాటు, రీసేల్ ఫ్లాటు పోలిక పేరుతో మీ సంస్థ మాకిచ్చిన తప్పుడు రిపోర్టు; ఫీజు వాపసు, బుకింగ్ సొమ్ము విడుదల గురించి.

అయ్యా,

పోయిన వైశాఖంలో నేను, మావారు మీ ఆఫీసుకు వచ్చి 1,18,000 రూపాయలు కట్టాం. లక్ష మీ సలహా ఫీజు, మిగతాది దాని మీద జీఎస్టీ. మేం అడిగింది ఒక్కటే పని. ఫ్లాట్లు రెండూ మేమే వెతుక్కున్నాం. ఒకటి కోకాపేట దగ్గర కొత్త టవర్లో, రెండోది సోమాజిగూడలో 14 ఏళ్ల కిందటి అపార్ట్‌మెంటులో రీసేల్‌కు వచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఏది కొనాలో మేం తేల్చుకుంటాం అన్నాం.

మీరిచ్చిన 22 పేజీల రిపోర్టును నమ్మి ఆషాఢంలో కొత్త ఫ్లాటుకు 5 లక్షలు కట్టాం. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. ఆ ఫ్లాటు తీసుకునే పరిస్థితి లేదు. సోమాజిగూడది శ్రావణంలోనే వేరేవాళ్లు కొనేసుకున్నారు. మా 5 లక్షలు బిల్డర్ దగ్గరే ఉన్నాయి. నల్లకుంటలో నాన్నగారు కట్టిన ఇల్లు అమ్మేశాం, కొన్నవాళ్లకు ఉగాదికల్లా ఖాళీ చేసి ఇస్తామని అగ్రిమెంటులో రాసిచ్చాం. నాన్నగారికి 79 ఏళ్లు. రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది, ఆ ఇంటి మెట్లు ఎక్కలేకే ఇదంతా మొదలుపెట్టాం. మాకిది ఇన్వెస్ట్‌మెంట్ కాదని మొదటి రోజే మీ రిలేషన్‌షిప్ మేనేజరుకు చెప్పాం.

అసలు విషయానికి వస్తాను. మీ రిపోర్టులో కొత్త ఫ్లాటు గురించి మూడు మాటలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి: రెడీ టు మూవ్, జీఎస్టీ లేదు, రెండో ఫ్లోర్ కాబట్టి ప్రత్యేక ధర. నాన్నగారికి ఎత్తంటే భయం కనుక రెండో ఫ్లోర్ అనగానే మా ప్రాణం లేచొచ్చింది. "అంకుల్, ఇంత కింద ఫ్లోర్ ఈ ప్రాజెక్టులో మళ్లీ దొరకదు, ఆషాఢం ఆఫర్ అయిపోతే రేటు మారిపోతుంది" అని మీ మనిషి ఆయన చేతులు పట్టుకుని చెప్పాడు.

ఆ మూడూ అబద్ధాలే. మూడింటికీ మూలం ఒక్క కాగితం లేకపోవడం. ఆ టవర్‌కు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ), అంటే కట్టడం పూర్తయింది, జనం ఉండొచ్చు అని ఇచ్చే కాగితం, రాలేదు.

ఓసీ గానీ కంప్లీషన్ సర్టిఫికెట్ గానీ రాని ఫ్లాటు కొంటే 5 శాతం జీఎస్టీ కట్టాలి. 2019 ఏప్రిల్ నుంచి ఉన్న లెక్కే ఇది. 2 కోట్ల 30 లక్షల ఫ్లాటు మీద 11,50,000 రూపాయలు. బుకింగ్ అయ్యాక బిల్డర్ పంపిన డిమాండ్ లెటర్‌లో ఆ అంకె చూసి మావారికి ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే మీ మేనేజరుకు ఫోన్ చేస్తే "ఓసీ అంటే ఫార్మాలిటీయే మేడమ్, వచ్చేసినట్టే" అన్నాడు. వచ్చేసినట్టే అన్నదానికీ వచ్చిందన్నదానికీ మా ఇంట్లో తేడా పదకొండున్నర లక్షలు. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ (రెరా) సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరిచి చూస్తే పూర్తి చేయడానికి ఇంకా 14 నెలల గడువు కనిపిస్తోంది. ఎవరైనా రెండు నిమిషాల్లో చూడగలిగిన పేజీ అది. ఫీజు తీసుకున్న మీరు చూడలేదా, చూసి చెప్పలేదా?

రెండో ఫ్లోర్ సంగతి ఇంకా బాధ కలిగించింది. శ్రావణంలో మీసేవలో ఈసీ, అంటే ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు ఏమున్నాయో చూపే పత్రం, తీయించాం. అందులో మా ఫ్లాటు నంబరు ఎదురుగా ఒక మార్ట్‌గేజ్ డీడ్ (తనఖా పత్రం) ఉంది, ఇక్కడ కట్టడాలకు అనుమతిచ్చే హెచ్‌ఎండీఏ పేర. మొదట అర్థం కాలేదు. మా బ్యాంకు లాయరు గారు వివరించారు. 2012 నాటి బిల్డింగ్ రూల్స్, జీవో 168 ప్రకారం బిల్డర్ కట్టే ఏరియాలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా పెట్టాలి. ప్లాన్ ప్రకారం కడతాడన్న దానికి అది హామీ. సాధారణంగా కింది ఫ్లోర్లలోని ఫ్లాట్లనే పెడతారు. ఓసీ వచ్చాకే వాటిని విడిపిస్తారు. అందాకా బ్యాంకు లోన్ ఇవ్వదు. అంత కింద ఫ్లోర్ ఖాళీగా ఎందుకు మిగిలిందో, ధర ఎందుకు తగ్గిందో అప్పుడు తెలిసింది. నాన్నగారి భయాన్ని ఆసరా చేసుకుని, తనఖాలో ఉన్న ఫ్లాటును ఆయనకు అంటగట్టారు. నన్ను అన్నిటికంటే కష్టపెట్టింది ఇదే.

ఇక మీ పోలిక పట్టిక. 9వ పేజీలో కొత్తది చదరపు అడుగు 9,388 రూపాయలు, రీసేల్‌ది 10,000 అని వేసి కొత్తదే చవక అని తేల్చారు. రెండూ సూపర్ బిల్టప్ మీద వేసిన లెక్కలు. అంటే లిఫ్టు, కారిడార్, క్లబ్ హౌస్, లాబీ అన్నీ కలిపిన ఏరియా. కొత్తది 2,450 అడుగులైతే కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల నిజంగా వాడుకునే చోటు, 1,640. సోమాజిగూడది 2,150 అయినా కార్పెట్ 1,560. 300 అడుగుల తేడా ఇంట్లోకి వచ్చేసరికి 80 అడుగులకు దిగింది. కార్పెట్ మీద లెక్క కడితే కొత్తది అడుగు 14,024, పాతది 13,782. చవక ఖరీదు తారుమారయ్యాయి. జీఎస్టీ కలపకుండానే ఇది. రెరా చట్టం కార్పెట్ ఏరియాకు నిర్వచనం ఇచ్చిందే ఇలాంటి మాయ జరగకూడదని. రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం రెండిటికీ ఒకటే కనుక దాని గురించి మాట్లాడను.

పట్టికలో అసలు కనపడని వరుస ఒకటుంది, అన్‌డివైడెడ్ షేర్, అంటే స్థలంలో ఒక్కో ఫ్లాటుకు వచ్చే వాటా. మన ఊళ్లో చాలా ఏళ్లుగా ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే ఇంత స్థలంలో ఇంతే ఏరియా కట్టాలన్న హద్దు, లేదు. రోడ్డు వెడల్పు, స్థలం సైజు, సెట్‌బ్యాక్‌లు చూసుకుని ఎంత ఎత్తయినా లేపుతున్నారు. అంతస్తులు పెరిగేకొద్దీ ఒక్కో ఫ్లాటుకు వచ్చే నేల తగ్గుతుంది. కోకాపేట ఫ్లాటుకు 38 గజాలు వస్తుంది. సోమాజిగూడ ఫ్లాటుకు 82. రిపోర్టు మొదటి పేజీలోనేమో 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికిందని రంగుల్లో వేశారు. అది నిజమే. ఎకరం ధర చెప్పినవాళ్లు మా వాటాకు ఎన్ని గజాలు వస్తుందో కూడా అక్కడే చెప్పాలి కదా.

మోడల్ ఫ్లాటు చూసిన రోజు గురించి కొంచెం వివరంగా రాస్తాను. నాన్నగారు ఆర్ అండ్ బీలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైర్ అయ్యారు. చొక్కా జేబులో టేపు లేకుండా ఇప్పటికీ బయటికి రారు. అందరం ఫాల్స్ సీలింగ్, దీపాలు చూస్తుంటే ఆయన వాకర్ పక్కన పెట్టి, గోడ పట్టుకుని బెడ్‌రూమ్‌లోకి వెళ్లి మంచం కొలిచారు. పొడవు 5 అడుగుల 4 అంగుళాలు. మామూలు మంచం ఆరుంపావు అడుగులు ఉంటుంది. మంచం కురచ చేస్తే గది పెద్దదిగా కనిపిస్తుంది. ఆ తర్వాత "తలుపులేవమ్మా?" అన్నారు. అప్పుడు చూశాను, మోడల్ ఫ్లాటులో ఏ గదికీ తలుపు బిగించలేదు. బాత్‌రూమ్ దగ్గర చట్రం లోపలి వెడల్పు కొలిస్తే 26 అంగుళాలు. ఆయన వాకర్ 25. రెండు వైపులా వేళ్లు పట్టేంత చోటు కూడా లేదు. తలుపు లోపలికి తెరిస్తే కమోడ్‌కు తగులుతుంది. మావారు గోడ కొంచెం పగలగొట్టి వెడల్పు చేసుకోవచ్చా అని అడిగారు. అది మివాన్ పద్ధతిలో పోసిన కాంక్రీటు గోడ, పగలగొట్టకూడదు. ఈ మాట చెప్పింది కూడా మీ మనిషి కాదు, అక్కడ పనిచేస్తున్న సూపర్‌వైజరు. ఇటుక గోడల పాత ఇంట్లో ఇలాంటి మార్పు కుదిరేది. ముసలివాళ్లున్న ఇంటికి ఇంతకంటే ముఖ్యమైన పోలిక ఏముంటుంది? మీ 22 పేజీల్లో దీని గురించి ఒక్క వాక్యం లేదు. ఆ రోజే వెనక్కి తిరగాల్సింది. "అసలు ఫ్లాటులో చట్రాలు వెడల్పు చేసి ఇప్పిస్తాను" అన్న మీ మేనేజరు మాట నమ్మాం.

రీసేల్ ఫ్లాటు గురించి మీరు రాసింది పావు పేజీ. పాత కట్టడం, లోన్ కష్టం, రిపేర్లు తప్పవు, అంతే. మా బ్యాంకు ఆ బిల్డింగుకు లోన్ ఇస్తామని చెప్పింది. అక్కడి వాచ్‌మన్ రిజిస్టర్‌లో మీ సంస్థ నుంచి వచ్చినవాళ్ల పేరే లేదు. మీరు వేసిన ఫొటోలు ఓనరు ఎప్పుడో ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రకటనలోవి. లోపలికి అడుగు పెట్టకుండా ఆ ఇంటికి పదికి నాలుగు మార్కులు ఎలా వేశారు?

ఆ ఫ్లాటులో లోపాలు లేవని నేను అనను. పై ఇంటి బాత్‌రూమ్ నుంచి హాలు గోడలోకి చెమ్మ దిగుతోంది, అరచెయ్యి పెడితే సున్నం పొడిగా రాలింది. లిఫ్టు మార్చిన ఖర్చులో ఓనరు వాటా 2,10,000 రూపాయలు అసోసియేషన్‌కు బాకీ ఉంది. అది తీరితేగానీ అమ్మకానికి అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్‌ఓసీ) ఇవ్వరు. ఇవి మేం రెండుసార్లు వెళ్లి కనుక్కున్నవి. పొద్దున ఆరింటికి వెళ్లి మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయని, ఎండాకాలం ట్యాంకరు ఎన్నిసార్లు పిలుస్తారో అడిగి తెలుసుకున్నాం. అలాగే కొత్త ఫ్లాటుకు నిజంగా ఉన్న లాభమూ ఒకటుంది. రెరా చట్టం ప్రకారం స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డర్ పైసా తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలి. రీసేల్‌లో మాకు ఆ భరోసా లేదు. మీరు దీన్ని కూడా రాయలేదు. "కొత్తది కాబట్టి రిపేర్లు ఉండవు" అని రాసి వదిలేశారు.

ప్రమాదకరమైన తప్పు ఇంకోటుంది. సోమాజిగూడ ఓనరు అమెరికాలో స్థిరపడ్డారని మీ రిపోర్టులోనే ఉంది. దాని కిందే, కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే సొమ్ములోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోసుకుంటే చాలని రాశారు. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే 1 శాతం లెక్క కుదరదు. లాంగ్ టర్మ్ లాభం మీద 12.5 శాతం, దానిపై సర్‌చార్జీ, సెస్సు. తక్కువ కోయాలంటే ఓనరు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మేం ఆ ఫ్లాటే కొని, మీ మాట ప్రకారం 2 కోట్ల 15 లక్షల ధర మీద 2,15,000 కోసి ఊరుకుని ఉంటే తేడా మొత్తం, వడ్డీతో సహా, మా నెత్తిన పడేది. మాకు తెలిసిన సీఏ గారు చెప్పబట్టి ఇది తెలిసింది.

ఇన్ని తప్పులు ఒకే వైపు ఎందుకు ఒరిగాయో బుకింగ్ ఫారం చూశాక తెలిసింది. మూడో పేజీ కింద చానల్ పార్ట్‌నర్, అంటే బిల్డర్ ఫ్లాట్లు కమీషన్‌కు అమ్మిపెట్టే ఏజెంటు, అన్న గడిలో మీ సంస్థ స్టాంపు ఉంది. సంతకం పెట్టేటప్పుడు ఆ పేజీని పైకి మడిచి చూపించారు. మా దగ్గర ఫీజు తీసుకుని, బిల్డర్ దగ్గర కమీషన్ తీసుకునే ఏర్పాటు ముందే చేసుకుని, మధ్యలో కూర్చుని మాకు సలహా చెప్పారు. ఏజెంటుగా చెప్పి ఉంటే మేం ఏజెంటు మాటగానే వినేవాళ్లం. పైగా రెరాలో రిజిస్టరైన ఏజెంటు తన నంబరు ప్రతి లావాదేవీలో వేయాలి. మీ రిపోర్టు మీద, రసీదు మీద అది లేదు. బుక్ చేసే సమయంలో కొనేవాళ్లకు రావాల్సిన సమాచారం, పత్రాలు అన్నీ అందేలా చూడటం ఏజెంటు బాధ్యత అని ఆ చట్టం 10వ సెక్షన్ చెబుతోంది.

కాబట్టి మా 1,18,000 రూపాయలు పూర్తిగా వాపసు ఇవ్వండి. బిల్డర్ దగ్గరున్న 5 లక్షలు కోత లేకుండా తిరిగి వచ్చేలా, మీరిచ్చిన సమాచారం తప్పని ఒప్పుకుంటూ వాళ్లకు రాతపూర్వకంగా లెటర్ ఇచ్చి, కాపీ మాకు పంపండి. ప్రకటన గానీ మోడల్ ఫ్లాటు గానీ చూసి నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లు తప్పుకుంటే బిల్డర్ మొత్తం సొమ్ము వడ్డీతో ఇవ్వాలని రెరా చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. క్యాన్సిలేషన్ చార్జీల కబురు మళ్లీ మాకు చెప్పొద్దు. అదే టవర్లో రెండో ఫ్లోర్ ఫ్లాట్లు ఇంకెవరికైనా చూపించి ఉంటే, అవి తనఖాలో ఉన్నాయని వాళ్లకు ఈ వారమే ఫోన్ చేసి చెప్పండి. మా డబ్బుకంటే ముందు ఈ పని చేయండి, ఎవరైనా ఇల్లు అమ్ముకుని ఎదురుచూస్తూ ఉండొచ్చు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే తెలంగాణ రెరాలోనూ, జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు వేస్తాం. కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. ఫీజు రసీదు, మీ రిపోర్టు, ఈసీ, డిమాండ్ లెటర్, బుకింగ్ ఫారం మూడో పేజీ కాపీలు జత చేశాను. నాన్నగారు మోడల్ ఫ్లాటులో తీసుకున్న కొలతల కాగితం కూడా ఉంది, కింద ఆయన సంతకంతో.

ఇట్లు,
మీ సలహాకు ఫీజు కట్టిన కస్టమర్,
నల్లకుంట, హైదరాబాద్