విశ్వావసు నామ సంవత్సరపు వార్షిక నివేదిక: అటక మీది మిడత, ఆదివారం మైదానం

సభ్యులందరికీ నమస్కారం.

2025 ఉగాది నుంచి 2026 ఉగాది దాకా ఒడిశాలోని రాయగడలో మన తెలుగు సంఘం చేసిన పనుల వివరం ఇది. ఏటా మన నివేదిక పండగలతో మొదలై జమాఖర్చులతో ముగుస్తుంది. ఈసారి పండగల సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేసి, ఎక్కువ చోటు ఒక్క కార్యక్రమానికే, పిల్లల ఆదివారం రిమోట్ కార్ల ఆటకే ఇస్తున్నాను. అలాగే రాయమని కార్యవర్గమూ అంది. అది మా ఇంటి అటక మీద మొదలైంది కాబట్టి మధ్యమధ్య మా ఇంటి కబుర్లు కూడా వస్తాయి.

ఉగాది పచ్చడి, పంచాంగ శ్రవణం ఎప్పటిలాగే జరిగాయి. చైత్రంలో మజ్జిగౌరమ్మ దర్శనానికి వచ్చిన భక్తులకి రెండు రోజులు మజ్జిగ, పానకం పంచాం. వినాయక చవితికి మట్టి బొమ్మ పిల్లలే చేశారు. కార్తీక వనభోజనం నాగావళి ఒడ్డున పెట్టుకున్నాం. పార్వతీపురం, విజయనగరం వెళ్ళినప్పుడల్లా సభ్యులు తెచ్చిన పుస్తకాలకి అట్టలు వేసి గ్రంథాలయంలో చేర్చాం. బీపీ, షుగరు పరీక్షల శిబిరం ఒకసారి జరిగింది. వీటన్నిటికీ చేతులు కలిపిన వాళ్ళకి కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు.

సరిగ్గా సాగనిది శనివారం తెలుగు తరగతి. జూన్‌లో 18 మంది పిల్లలు వచ్చారు, ఆగస్టు చివరికి 5 గురు మిగిలారు. పాఠం చెప్పిన అక్కయ్యలు పడిన కష్టం అందరికీ తెలుసు. వారమంతా బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ రాసి వచ్చిన పిల్లలకి శనివారం సాయంత్రం నాలుగో పలక పట్టుకోవాలంటే ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడిన నాటి నుంచీ మనవి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా బతుకులు. రెండూ మనకి అన్నం పెట్టిన భాషలే. కాకపోతే మా తరం దాకా తెలుగు రాయడం, చదవడం వచ్చేది. ఇప్పటి పిల్లలు తెలుగులో అడిగితే ఒడియాలో జవాబిస్తున్నారు. అక్షరాలు చూపిస్తే బొమ్మలు చూసినట్టు చూస్తున్నారు. నాకు ఈ బెంగ ఎప్పటి నుంచో ఉంది. దానికి మందు ఇంకో పుస్తకంలో దొరుకుతుందనే అనుకుంటూ వచ్చాను.

మా చిన్న మావయ్య ఓడలో పనిచేసేవాడు. నా చిన్నప్పుడు జపాన్ నుంచి వస్తూ నాకోసం టామియా కంపెనీ రిమోట్ కారు తెచ్చాడు. పేరు గ్రాస్‌హాపర్, అంటే మిడత. 1984లో వచ్చిన మోడలు. పెద్ద కారులో పదో వంతు కొలత. పెట్టె తెరిస్తే కారు కనిపించదు, సంచుల్లో ముక్కలుంటాయి. బొమ్మల పుస్తకం చూసుకుంటూ మనమే బిగించుకోవాలి. మావయ్యా నేనూ మూడు రాత్రులు కూర్చుని బిగించాం. ఇంజనీరింగు చదువుకి వెళ్ళేటప్పుడు దాన్ని గోనెలో చుట్టి అటకెక్కించాను. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్ళి, బదిలీలు. ముట్టుకోలేదు.

నిరుడు మే నెలలో ఆవకాయ జాడీలు దించడానికి అటకెక్కితే మా తొమ్మిదేళ్ళ అమ్మాయి టార్చి పట్టుకుని వెంట వచ్చింది. గోనె విప్పింది తనే. టైర్ల రబ్బరు ఎండిపోయి పర్రెలు విచ్చింది. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీ చివర్ల నుంచి తెల్లటి పొడి కారింది. మళ్ళీ చుట్టేయబోతుంటే "ఏఇటా చాలిబ కి?" అని ఒడియాలోనే అడిగింది. నడుస్తుందా అని. నడుస్తుందనేశాను. నోట్లోంచి వచ్చేశాక ఇక నడిపించాలి.

ఈ మోడల్ని కంపెనీ 2005లో మళ్ళీ విడుదల చేసింది. అందుకని ఇన్నేళ్ళ తర్వాత కూడా టైర్లు, గేర్లు దొరికాయి. మార్చాల్సింది లోపలి కరెంటు సరంజామా. అప్పట్లో వేగం మార్చడానికి ఒక సర్వో మోటారు చిన్న రేకు మీట జరిపేది. రెసిస్టర్ వేడెక్కి చెయ్యి పెట్టనిచ్చేది కాదు. దాన్ని తీసేసి అగ్గిపెట్టెంత ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్ పెట్టాం. పాత రిమోటు 27 మెగాహెర్ట్జ్‌ది. ఏ తరంగం మీద పనిచేయాలో తేల్చే గోరంత క్రిస్టల్, బారెడు యాంటెన్నా. ఒకే క్రిస్టల్ ఉన్న రెండు కార్లు ఒకచోట చేరితే ఒకరి రిమోటుకి ఇంకొకరి కారు తిరిగేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్టులో ఏ రిమోటుకి జత కట్టిన రిసీవరు ఆ రిమోటు మాటే వింటుంది. పదిమంది పక్కపక్కన నిలబడి నడుపుకోవచ్చు. మా చిన్నతనానికీ మా పిల్లల చిన్నతనానికీ ఇదే పెద్ద తేడా. అప్పట్లో నా మిడత ఒంటరిగా తిరిగింది, ఇప్పుడు దానికి తోడు దొరికింది.

మొదటి రోజు మా అమ్మాయి ఏడ్చింది. కారు దూరంగా వెళ్ళినంతసేపూ బాగానే ఉంది. మనవైపు తిరిగి వచ్చేటప్పుడు కుడి తిప్పితే మన కళ్ళకి ఎడమకి పోతుంది. రిమోటు పాడైందనుకుంది. "కారులో నువ్వే కూర్చున్నావనుకో" అని చెప్పి, రెండు చెప్పులు నేల మీద పెట్టి వాటి చుట్టూ 8 అంకె వేయించాను. వారం రోజులు చెప్పుల చుట్టూ తిరిగింది. ఆ తర్వాత నేనే తన దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇంటి ముందు చూసిన వాళ్ళు ఒక్కొక్కరూ వచ్చారు. కాయితం మిల్లులో పనిచేసే సభ్యులిద్దరు, రైల్వేలో ఒకరు తమ చిన్నప్పటి కార్ల సంగతులు చెప్పారు. అందరికీ అవి ఎక్కడో ఒకచోట మూలన పడి ఉన్నాయి. పిల్లల కోసం కొత్తవి కొన్నవాళ్ళూ ఉన్నారు. దసరా నాటికి ప్రతి ఆదివారం పొద్దున్న 11 మంది పిల్లలు, 7 కార్లు. పిల్లల్లో ముగ్గురు పక్కింటి ఒడియా కుటుంబాల వాళ్ళు. ఒక బడి మైదానంలో మొదలుపెట్టాం. నెల తిరక్కుండానే అక్కడ వద్దన్నారు. కారణం అడిగినా చెప్పలేదు. పిల్లలు ఆ రోజు గేటు బయట పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తీరు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. మన సభ్యులొకరు రైసు మిల్లు వెనకాల తమ ఖాళీ స్థలం ఇచ్చారు. పాత సైకిల్ ట్యూబులు పరిచి మలుపులు కట్టుకున్నాం.

ఇక్కడ ఒక చిన్న పని వివరంగా చెప్పాలి, ఈ నివేదికకి ప్రాణం అందులోనే ఉంది.

మోటారు కొసన ఉండే చిన్న పళ్ళ చక్రాన్ని పినియన్ అంటారు. అది పెద్ద గేరుని తిప్పుతుంది. రెండూ మరీ ఒరుసుకుంటే మోటారు వేడెక్కుతుంది, ఎడంగా ఉంటే పళ్ళు అరిగి ఊడతాయి. ఆ సందు కొలవడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. సన్నటి కాయితం పీలిక రెండు చక్రాల మధ్య పెట్టి, మోటారుని దగ్గరికి నొక్కి మరలు బిగించాలి. తర్వాత చక్రం తిప్పి పీలికని బయటికి తీయాలి. చిరగకుండా, నిండా వంకీలు పడి వస్తే సందు సరిపోయినట్టు. కాయితం మిల్లు ఊరు, పీలికలకి కరువేముంది? మేము పాత తెలుగు పేపరు చింపి వాడాం. రెండో మూడో ఆదివారం, మా అమ్మాయి వంకీలు తిరిగిన పీలికని వెలుతురుకి పట్టుకుని "నాన్నా, ఇది 'వ' కదా, పక్కన 'ర్షం'... వర్షం" అంది. పేపరులో వాతావరణం ముక్క అది. తెలుగు తరగతిలో 'ర్ష' దగ్గరే మొండికేసిన పిల్ల. పక్కనున్న పిల్లలు తమ పీలికల్లో ఏముందో చెప్పమని పెద్దవాళ్ళని పట్టుకున్నారు. ఆ రోజు నుంచి పీలిక చదివితేగాని గేరు బిగించకూడదని వాళ్ళలో వాళ్ళే కట్టు పెట్టుకున్నారు.

మాట కూడా అలాగే వచ్చింది. పక్కపక్కన కూర్చుని ఒకే మర తిప్పేటప్పుడు "బిగించు, వదులు చెయ్యి, కొంచెం ఎత్తి పట్టుకో, అది కాదు పొట్టి మర" అనకుండా పని సాగదు. మొదట్లో కారు రాళ్ళలో చిక్కుకుంటే "గాడి అటకిగలా" అని అరిచేవాళ్ళు. సంక్రాంతి నాటికి "ఇరుక్కుపోయింది మావయ్యా!" అని పరిగెత్తుకొచ్చారు. ఒడియా పిల్లవాడొకడు కూడా ఇప్పుడు "వదులైపోయింది" అనే అంటున్నాడు. వాళ్ళ అమ్మగారు నవ్వుతూ నాతో చెప్పారు.

జాగ్రత్తల విషయం. ఇప్పటి కార్లలో ఎక్కువ భాగం లిథియం పాలిమర్ బ్యాటరీలు. ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు, 3 కంటే కిందికి దిగితే పాడవుతుంది. వారాల తరబడి వాడకపోతే 3.8 దగ్గర ఉంచాలి. సెప్టెంబరులో ఒక రాత్రి మా ఇంట్లో కారు ఆన్‌లోనే ఉండిపోయింది. తెల్లారి ఛార్జరు ఆ బ్యాటరీని తీసుకోలేదు. నేను నికెల్ బ్యాటరీ మోడులో పెట్టి కాసేపు కరెంటు ఎక్కించాను. ఇలా ఎవ్వరూ చేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. అరగంటకి బ్యాటరీ పూరీలా పొంగింది. పెరట్లో ఇసుక బకెట్టులో పెట్టి రాత్రంతా కాపలా కాశాను. మంట రాలేదు, అమ్మవారి దయ. అప్పటి నుంచి ఛార్జింగు అంతా మైదానంలోనే, పెద్దవాళ్ళ కళ్ళ ముందు, ఇసుక పోసిన రేకు పెట్టెలో. బ్యాటరీ ఎన్ని ఆంపియర్ అవర్లదో అన్ని ఆంపియర్లకి మించి ఎక్కించం. ఉబ్బిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-చెత్త తీసుకునే వాళ్ళకే ఇస్తాం. ముందు రిమోటు ఆన్ చేసి తర్వాత కారు, ఆపేటప్పుడు ముందు కారు తర్వాత రిమోటు: ఈ వరస పిల్లలకి ఎక్కాల్లా వచ్చేసింది.

పిల్లల కార్లకి బ్రష్ ఉన్న మోటారు, రెండు సెల్లుల బ్యాటరీ, అంటే మామూలు లెక్కన 7.4 వోల్టులు, ఇంతే. ఒక సభ్యుడు 3300 కేవీ, అంటే ఒక్కో వోల్టుకి నిమిషానికి 3300 చుట్లు తిరిగే, బ్రష్‌లెస్ మోటారు కారు తెచ్చారు. 7.4 వోల్టులకి ఆ మోటారు బరువేమీ లేకుండా నిమిషానికి 24 వేల చుట్లు పైనే తిరుగుతుంది. అది వచ్చి ఒక అబ్బాయి చీలమండకి తగిలింది. నాలుగు రోజులు కుంటాడు. ఆ సభ్యుడే సొంత డబ్బుతో చెక్క అడ్డు కట్టించారు. నడిపేవాళ్ళంతా ఇప్పుడు దాని వెనకే నిలబడతారు.

కనుమ నాడు పందెం పెట్టాం. ఒక్కో ఆట 5 నిమిషాలు, ఎక్కువ చుట్లు తిరిగిన వాళ్ళు గెలిచినట్టు. చుట్లు లెక్కపెట్టడానికి మామ్మగార్లు నలుగురు కూర్చున్నారు. ముందు గ్లాసులు, ఒళ్ళో చింతగింజలు. తన కారు గీత దాటినప్పుడల్లా మామ్మ ఒక గింజ గ్లాసులో వేయాలి. అష్టాచెమ్మా ఆడిన చేతులు, ఒక్క గింజ తప్పలేదు. మా మిడత ఆఖరి నుంచి రెండోది. దాని మోటారు చిన్నది, వెనక ఇరుసు ఎగిరెగిరి పడుతుంది. ఆటయ్యాక మా అమ్మాయి పెయింటు బ్రష్‌తో ఎర్రమట్టి దులుపుతూ, వచ్చే ఏడాదికి బేరింగులు మారుద్దామంది. తెలుగులో అంది. మావయ్య ఇప్పుడు లేడు. ఉంటే ఆ సాయంత్రం ఆ స్థలంలోనే ఉండేవాడు.

ఆటవస్తువులకి సంఘం సొమ్మా అని ఇద్దరు ముగ్గురు సభ్యులు అడిగారు. అడగడం న్యాయమే. కార్లు, బ్యాటరీలు, రిమోట్లు ఎవరివి వాళ్ళవే. సంఘం నిధి నుంచి అయింది 6,840 రూపాయలు: ఉమ్మడి ఛార్జరు, రేకు పెట్టె, మంటలార్పే సిలిండరు, స్క్రూడ్రైవర్ల సెట్టు, టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్. కారు లేని పిల్లల కోసం సభ్యుల చందాతో కొన్న రెండు కార్లు సంఘం బీరువాలో ఉన్నాయి, పుస్తకాల్లాగే పేరు రాసి ఇస్తున్నాం. మిగతా జమాఖర్చుల వివరం ఆడిటు పుస్తకంలో ఉంది, గ్రంథాలయంలో ఎవరైనా చూడవచ్చు.

సర్వసభ్య సమావేశం ముందు కార్యవర్గం రెండు ప్రతిపాదనలు పెడుతోంది. మొదటిది, శనివారం తెలుగు తరగతిని ఆదివారం మైదానం పక్కకి మార్చడం. అక్కయ్యలు ఒప్పుకున్నారు. విడిభాగాల డబ్బాల మీద పేర్లు పిల్లలే తెలుగులో రాస్తారు, ఎవరి కారుకి ఏ ఆదివారం ఏం చేశారో ఒక నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాస్తారు. రెండోది, రైసు మిల్లు వెనక స్థలం యజమాని మూడేళ్ళకి రాతపూర్వకంగా ఇస్తానన్నారు కాబట్టి, వానాకాలానికి ముందే ఒక రేకుల పందిరి వేయించడం. వానల్లో ఆ ఎర్రమట్టి బేరింగుల్లో దూరితే వారం పట్టింది శుభ్రం చేయడానికి.

పిల్లలు దాచుకున్న పీలికలన్నీ ఒక అట్ట మీద అంటించారు. సమావేశం రోజున గుమ్మం పక్కన బల్ల మీద ఉంటాయి. అడిగితే ఏ పీలిక ఎవరిదో వాళ్ళే చదివి వినిపిస్తారు.

ఇట్లు,
కార్యదర్శి