యాంటెన్నాకు ఎస్11 గ్రాఫు ఒక్కటే సాక్ష్యం కాదు

సంపాదకులకు నమస్కారం.

పేస్‌మేకర్, గ్లూకోజ్ సెన్సర్ వంటివి ఒంట్లో నుంచి బయటికి సమాచారం పంపాలంటే బుల్లి యాంటెన్నా కావాలి. మన ఇంజినీరింగ్ కళాశాలల్లో ఈ అంశంపై ప్రాజెక్టులు చేస్తున్న విద్యార్థులు చాలామంది చివర్లో చూపించేది ఒక ఎస్11 గ్రాఫు, అంటే యాంటెన్నాకు పంపిన శక్తిలో ఎంత వెనక్కి వచ్చిందో చూపే గీత. ఇలాంటి పరికరాలు వాడే 403 మెగాహెర్ట్జ్ దగ్గర మైనస్ 20 డెసిబెల్స్ లోయ కనిపిస్తే మార్కులు పడిపోతున్నాయి. ఇది సరికాదు.

పంపిన శక్తి వెనక్కి రాలేదని మాత్రమే ఎస్11 చెబుతుంది. ఎటు పోయిందో చెప్పదు. 50 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించినా అంతకన్నా లోతైన లోయే వస్తుంది, అది ప్రసారం చేసేది మాత్రం దాదాపు సున్నా. ఒంట్లోని కండ కూడా అలా శక్తిని మింగేదే. ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల యాంటెన్నాకు ఈ బ్యాండులో గెయిన్ (అన్ని వైపులా సమంగా, నష్టం లేకుండా ప్రసరించే ఆదర్శ యాంటెన్నాతో పోల్చితే బయటికి పోయే శక్తి) మైనస్ 30 డీబీఐ చుట్టుపక్కల ఉండటం మామూలు. అంటే వెయ్యిలో ఒక వంతు. మన దేశంలో 402-405 మెగాహెర్ట్జ్‌లో లైసెన్సు లేకుండా అనుమతించే 25 మైక్రోవాట్లు బయట కనిపించాలంటే లోపల 25 మిల్లీవాట్లు పెట్టాలి. ఏళ్లపాటు నడవాల్సిన బ్యాటరీ అంత భరించలేదు. గెయిన్, ఎస్ఏఆర్ (కణజాలం ఎంత శక్తిని పీల్చుకుంటుందో చెప్పే కొలత) లెక్కలు లేకుంటే ప్రాజెక్టు సగంలో ఆగినట్టే.

ఒంటికి బదులు ముంచి కొలిచే ద్రావణానికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. చర్మాన్ని పోలిన ద్రావణం కిలోకు పంచదార 562 గ్రాములు, డీఅయొనైజ్డ్ నీరు 415, ఉప్పు 23. సన్నని వేడి మీద కరిగించి, మూతపెట్టి చల్లార్చాలి. నీరు ఆవిరైతే పాళ్లు మారిపోతాయి. పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి స్పందించే గుణం) 46.7, కండక్టివిటీ (విద్యుత్ వాహకత) మీటరుకు 0.69 సీమెన్స్ దగ్గరికి వచ్చిందో లేదో ప్రోబ్‌తో చూసుకోవాలి. యాంటెన్నాకు గాలి బుడగ అంటుకుంటే రెజొనెన్స్ (లోయ పడే ఫ్రీక్వెన్సీ) పైకి జరుగుతుంది. యాంటెన్నాను తయారుచేసే 0.635 మిల్లీమీటర్ల రెండు పలకల మధ్య జిగురు మందమైనా అంతే. ఆ జిగురు పొరను సిమ్యులేషన్‌లో గీయనివారే ఎక్కువ.

అసలు మోసం యాంటెన్నాను ఎస్11 కొలిచే పరికరానికి (ఎనలైజర్‌కు) కలిపే కేబుల్‌ది. యాంటెన్నా గ్రౌండ్ (అడుగున ఉండే లోహపు పొర) మరీ చిన్నది కావడంతో కరెంటు కేబుల్ పైతొడుగు మీదికి పాకుతుంది, కేబులే యాంటెన్నా అయిపోతుంది. అప్పుడు గెయిన్ సిమ్యులేషన్ కన్నా మెరుగ్గా కనిపించి అందరూ సంతోషిస్తారు. ఎనలైజర్ తెర చూస్తూ కేబుల్‌ను చేత్తో పట్టుకుని కాస్త జరపండి. లోయ కదిలిందా, మీరు కొలుస్తున్నది కేబుల్‌నే. 400 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే ఫెరైట్ పూసలు (పైతొడుగు మీది కరెంటును అడ్డుకునే అయస్కాంత పదార్థపు గొట్టాలు) యాంటెన్నా దగ్గరే కేబుల్‌కు తొడిగితే కొంత తగ్గుతుంది. పూర్తిగా నమ్మాలంటే కేబులే ఉండకూడదు. బటన్ సెల్, ఎంత పవర్ ఇస్తుందో ముందే కొలిచిపెట్టుకున్న చిన్న ట్రాన్స్‌మిటర్, యాంటెన్నా కలిపి నీరు చొరకుండా మూసి, ద్రావణంలో 2 సెంటీమీటర్ల లోతున ముంచాలి. గెయిన్ తెలిసిన యాంటెన్నాతో బయట నుంచి పాత్రను తిప్పుతూ, నిలువు, అడ్డం రెండు పోలరైజేషన్లలోనూ (తరంగం ఊగే దిశల్లోనూ) సిగ్నల్ కొలవాలి.

విశ్వవిద్యాలయాలు ప్రాజెక్టు మూల్యాంకన పత్రంలో మూడు గడులు చేర్చాలని కోరుతున్నాం: ద్రావణంలో కొలిచిన గెయిన్, 1 గ్రాము కణజాలంపై సగటుగా లెక్కించిన ఎస్ఏఆర్, కేబుల్ కదిపినప్పుడు వచ్చిన తేడా.

ఇట్లు,
యాంటెన్నా ప్రయోగశాలల్లో పనిచేస్తున్న కొందరు అధ్యాపకులు