అర్రోజ్ కాల్డోకు అన్నం కాదు, బియ్యం కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఫిలిప్పీన్స్ వారి కోడి జావ ‘అర్రోజ్ కాల్డో’ను వండిన అన్నంతో చేసేయవచ్చని కొందరు చెబుతున్నారు. పేరు స్పానిష్‌దైనా పద్ధతి చైనా గంజిది. బియ్యం కోడిరసంలోనే విచ్చుకోవాలి, అప్పుడే చిక్కదనం.

నలుగురికి అరకప్పు జిగురు బియ్యం (అక్కడ ‘మలగ్‌కిత్’ అంటారు), అరకప్పు మామూలు బియ్యం, ఎముకతో కూడిన కోడి ముక్కలు ముప్పావు కిలో, రెండంగుళాల అల్లం, ఒక ఉల్లిపాయ, ఎనిమిది కప్పుల వేడినీళ్లు. ముందుగా సన్నసెగపై వెల్లుల్లి వేయించి, లేత బంగారు రంగు రాగానే తీసేయాలి. తీశాక కూడా రంగు ముదురుతుంది, ఆలస్యమైతే చేదే. ఆ నూనెలోనే ఉల్లి, అల్లం, తర్వాత కోడి, రెండు చెంచాల ‘పతీస్’ (చేప సాస్), బియ్యం వేసి రెండు నిమిషాలు కలిపి నీళ్లు పోయాలి. సన్నసెగపై ముప్పావుగంట.

చెడేది ఇక్కడే. జిగురు బియ్యం అడుగున పేరుకుని మాడుతుంది. ఐదేసి నిమిషాలకు అడుగంటా కలపాలి. మాడితే మాత్రం గీకకండి, పైజావను వేరే గిన్నెలోకి వంచేయండి. చల్లారితే గట్టిపడుతుంది, వేడినీళ్లతో పలుచన చేసుకోవచ్చు. పతీస్ ఉప్పన కాబట్టి ఉప్పు చివర్లోనే.

పసుపు రంగుకు ‘కసుభా’, అంటే కుసుమపువ్వు రేకులు, చిటికెడు చాలు. వాసనకు కాదు, రంగుకే. ఉడికించిన గుడ్డు, ఉల్లికాడలు, వేయించిన వెల్లుల్లి పైన. కలమాన్సీ నిమ్మ మాత్రం గిన్నెలో పిండొద్దు, వడ్డించాకే.

– ఒక పాఠకురాలు