సీఎన్‌సీ రూటర్ గురించి రాసేటప్పుడు పొట్టు సంగతీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో చిన్న సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ చెప్పినట్టు కదులుతూ చెక్కను కోసే మిషన్) పెట్టుకుని చెక్క పని చేసుకోవడం గురించి మీ పత్రికలో వ్యాసం చూసి చాలా సంతోషించాను. కానీ మిషన్ గురించి, సాఫ్ట్‌వేర్ గురించి అంత వివరంగా రాసి, కోసేటప్పుడు లేచే ధూళి గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. అది చదివి ఎవరో ఒకరు పడకగది మూలన మిషన్ పెట్టేస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

కంటికి కనిపించే పొట్టును ఊడ్చేయొచ్చు. నిమిషానికి 20,000 చుట్లు తిరిగే బిట్ (కోసే మొన) ఎం.డి.ఎఫ్ చెక్కను, అంటే చెక్క పీచును జిగురుతో కలిపి నొక్కి చేసిన పలకను కోస్తే వచ్చే సన్నటి ధూళి అలా కాదు, మిషన్ ఆపేశాక కూడా చాలాసేపు గాల్లోనే తేలుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలప ధూళిని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో చేర్చింది, ఎం.డి.ఎఫ్ జిగురులో మామూలుగా వాడే ఫార్మాల్డిహైడ్ కూడా అదే గ్రూపులో ఉంది.

అందుకే ఈ మిషన్‌తో మొట్టమొదట చేసుకోవాల్సింది డస్ట్ షూ అంటాను, అంటే బిట్‌ను తిప్పే స్పిండిల్ చుట్టూ బ్రష్ కుచ్చు గోడలా కట్టి, లోపలి పొట్టును వాక్యూమ్ గొట్టం లాగేసేలా చేసే అమరిక. దాన్ని అదే మిషన్ మీద 12 మి.మీ. ప్లైవుడ్‌తో కోసుకోవచ్చు. నేను మొదట ఒకే ముక్కగా చేశాను, బిట్ మార్చాలంటే ప్రతిసారీ మొత్తం విప్పాల్సి వచ్చేది, విసుగొచ్చి పక్కన పడేశాను కూడా. తర్వాత రెండు ముక్కలుగా చేశాను. పై ముక్క స్పిండిల్‌కి బోల్టుతో బిగిసి ఉంటుంది, బ్రష్ ఉన్న కింది ముక్క అయస్కాంతాలతో అతుక్కుంటుంది. అయస్కాంతాలు పక్కకు జారతాయి కాబట్టి రెండు చిన్న పిన్నులు పెట్టాలి. షూ పొరపాటున చెక్కను బిగించి పట్టే క్లాంప్‌కి తగిలినా కింది ముక్క చాలాసార్లు ఊడి వచ్చేస్తుంది, దెబ్బ అక్కడితో పోతుంది.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. చిన్న మిషన్లలో స్పిండిల్‌గా బిగించే ట్రిమ్ రూటర్లలో (చేత్తో పట్టుకునే చిన్న రూటర్లు) చాలావాటి ఫ్యాన్ గాలి కిందికే వస్తుంది, అది నేరుగా షూలోకి పోతే వాక్యూమ్ లాగేలోపే ధూళిని కుచ్చుల సందుల్లోంచి బయటికి తోసేస్తుంది. ఆ గాలి పక్కకు మళ్లేలా పై ముక్కను అమర్చాలి. కుచ్చులు బిట్ కొన కంటే కాస్త పొడుగ్గా ఉంటే మంచిది, మరీ పొడుగైతే మడతపడి బిట్‌కి చుట్టుకుంటాయి. ప్లాస్టిక్ గొట్టంలో పొట్టు రాసుకుంటూ పోతే స్టాటిక్ కరెంటు పుడుతుంది, నాకు ఒకసారి కోత మధ్యలో కంప్యూటర్‌తో కనెక్షన్ తెగి చెక్క పాడైంది, గొట్టం వెంట రాగి తీగ చుట్టి ఎర్త్‌కి కలిపాక మళ్లీ అలా కాలేదు.

షూ ఉంది కదా అని మాస్కు తీసేయకూడదు. మామూలు వాక్యూమ్ సంచిలోంచి సన్నటి ధూళి తిరిగి గదిలోకే వస్తుంది, అంత సన్నటి ధూళినీ పట్టే హెపా ఫిల్టర్ ఉండాలి. చెక్క పొట్టు నిండిన వాక్యూమ్‌తో అల్యూమినియం కోసినప్పుడు వచ్చే రజనును లాగొద్దు, వేడి రజను తగిలి పొట్టుకు నిప్పంటుకోవచ్చు.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు ఈ నాలుగు మాటలకూ చోటివ్వండి, కుదిరితే షూ బొమ్మ కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు