వార్షిక నివేదిక: వార్త ఒకటి, విమానం ఇంకొకటి

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గం సమయమంతా దాదాపు ఒక్క పనికే పోయింది. పత్రికలు ఏటీఆర్ (రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం) వార్తకు నాలుగు ఇంజిన్ల జంబో, ఎయిర్‌బస్ ఎ320 వార్తకు బోయింగ్ 737 ఫొటో వేయడం మానిపించాలని.

మొదట రాసిన ఎత్తిపొడుపు లేఖలకు జవాబు రాలేదు. రాదు కూడా. డెస్క్‌లో ఫొటో వెతికేది విమానయాన సంస్థ పేరుతో. ఆ సంస్థ నడిపే రకాల్లో ఏది ముందు కనిపిస్తే అదే పేజీకెక్కుతుంది. పాత క్యాప్షన్ తప్పయితే ఆ తప్పు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అందుకే తిట్లు మాని, ఒక్క పేజీ గుర్తింపు పత్రం తయారుచేసి పంపాం.

అందులో మొదటి మాట: ఇంజిన్లు లెక్కపెట్టండి, రెక్క పొట్ట దగ్గరుందో వీపు మీదుందో చూడండి. పెద్ద తప్పులు చాలావరకు అక్కడే దొరుకుతాయి. ఏటీఆర్, దానిలాగే ప్రొపెల్లర్లతో ఎగిరే క్యూ400 రెండింటికీ రెక్క పైనే, తోకా టీ ఆకారమే. చక్రాలు పొట్ట పక్క ఉబ్బుల్లోంచి దిగితే ఏటీఆర్. ఇంజిన్ల కింద నుంచి పొడుగు కాళ్లతో దిగితే క్యూ400. నిలువు తోక వీపును కలిసేచోట గీత విరిగి ఏటవాలుగా ముందుకు సాగితే 737, తిన్నగా దిగితే ఎ320. ఎగురుతుండగా కింద నుంచి తీసిన ఫొటో అయితే ఇంకా తేలిక: 737 ప్రధాన చక్రాలకు పూర్తి మూతలుండవు, టైర్లు బయటికే కనిపిస్తాయి.

737లో కొత్త రకమైన మ్యాక్స్ దగ్గర మనమే పప్పులో కాలేశాం. రెక్క కొస రెండుగా చీలి ఉంటే మ్యాక్సే అని పత్రం మొదటి ప్రతిలో రాశాం. పాత 737-800లకూ చీలిన కొసలు తర్వాత బిగించారు. సవరించిన ప్రతిలో ఇంజిన్ తొడుగు వెనక అంచు చూడమన్నాం: రంపపు పళ్లుంటే మ్యాక్స్, నున్నగా ఉంటే పాతది. ఇది పంతం కోసం కాదు. 2019 మార్చిలో ప్రమాదాల తర్వాత ఎగరకుండా ఆపేసింది మ్యాక్స్‌లను మాత్రమే. అలాంటి వార్తకు పాత 737 ఫొటో వేస్తే దాన్ని ఎక్కబోయేవాళ్లు ఊరికే హడలిపోతారు.

సరైన ఫొటో దొరక్కపోతే విమానాశ్రయం ఫొటో వేయమని సూచించాం. ‘ప్రతీకాత్మక చిత్రం’ అని మూల చిన్నక్షరాల్లో పెడితే చదివేదెవరు?

జమాఖర్చులు విడిగా జతచేశాం. ఇకపై సభ్యుల లేఖలో శీర్షిక, తేదీ, ఫొటోలో ఉన్న రకం, గుర్తుపట్టిన ఆనవాలు నాలుగూ ఉండాలి. పంపేముందు ఇంకో సభ్యుడికి చూపించడం తప్పనిసరి.